రోమన్ ‘దివుస్’ వెండి నాణేన్ని చదవడం, తూచడం, దాచడం ఎలా?

రోమన్ వెండి నాణెం చేతికి రాగానే చాలామంది బొమ్మ వైపున్న ముఖం ఎవరిదో పోల్చుకుంటారు. ఆయన పాలించిన ఏళ్లే నాణెం వయసని రాసేసుకుంటారు. మామూలు నాణేలకు ఆ పద్ధతి చాలు. చనిపోయాక రోమన్ సెనేట్ దేవుడని ప్రకటించిన చక్రవర్తుల నాణేల విషయంలో మాత్రం అది ప్రతిసారీ తప్పే అవుతుంది. నాణెం పుట్టేనాటికి ఆ ముఖం ఉన్న మనిషి లేడు. దాన్ని కొట్టించింది ఆయన కొడుకో, దత్తపుత్రుడో, ఆ పేరు తనకు అండగా ఉంటుందని ఆశించిన కొత్త పాలకుడో అయి ఉంటాడు. అందుకే ఈ రకం నాణెం దగ్గర మూడు ప్రశ్నలు వరసగా అడగాలి. ఇది ఎవరి గుర్తుగా? ఎవరు కొట్టించారు? ఎప్పుడు? ముఖాన్ని చివర చూసినా ఫర్వాలేదు.

ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం, 0.01 గ్రాము వరకు తూచే డిజిటల్ త్రాసు, వ్యాసం కొలవడానికి ప్లాస్టిక్ మూతులున్న కాలిపర్, పక్కకు వంచగలిగే టేబుల్ లైటు, మెత్తటి మందపాటి గుడ్డ. ఇంతే. త్రాసు సరిగా ఉందో లేదో చూడటానికి 2011 తర్వాత, 2019కి ముందు ముద్రించిన కొత్తదనం పోని మన రూపాయి బిళ్ల పనికొస్తుంది. దాని నిర్ణీత బరువు 3.79 గ్రాములు, వ్యాసం దాదాపు 22 మిల్లీమీటర్లు. మనం తూచబోయే నాణేల బరువూ దాని దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి త్రాసు ఏమాత్రం తప్పినా వెంటనే తెలుస్తుంది.

గుడ్డ ఎందుకంటే, వందల ఏళ్లు మట్టిలో ఉన్న వెండి లోలోపల పెళుసుబారుతుంది. పైకి గట్టిగా కనిపించే డెనారియస్ (రోమన్ల మామూలు వెండి నాణెం) గచ్చు మీద పడితే గాజుముక్కలా రెండుగా విరగొచ్చు. నాణేన్ని ఎప్పుడూ గుడ్డ పైనే, అంచులు పట్టుకునే చూడండి.

మొదటి పని: అక్షరాలు చదవడం

లైటును ఒక పక్కనుంచి ఏటవాలుగా పడనివ్వండి, అరిగిన అక్షరాలకు నీడ వస్తుంది. ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలు తెలిసినవాళ్లు ఎవరైనా వీటిని చదవగలరు. ఒక్క తేడా గుర్తుంచుకోవాలి: ‘యు’ అక్షరం ఉండదు, దాని చోట ‘వి’ ఉంటుంది. పదాల మధ్య ఖాళీ చాలాసార్లు ఉండదు. అంచు దగ్గర ఎడమ కింది భాగంలో మొదలై గడియారం ముల్లు తిరిగే దిక్కులో సాగుతాయి.

వెతకాల్సింది డి, ఐ, వి అన్న మూడు అక్షరాల కోసం. ఆ తర్వాత ఏమొచ్చిందన్నదే అసలు సంగతి. ‘దివుస్’ అంటే దేవుడైనవాడు. ‘దివో’ అంటే దేవుడైన ఫలానా వారికి. ‘దివా’, ‘దివే’ రాణులకు వాడిన రూపాలు. ఈ మాటకూ మన ‘దేవ’, ‘దివ్య’ శబ్దాలకూ మూలం ఒకటే. ‘దివంగతుడు’ అన్న మాటను తలచుకుంటే నాణెం మీది మనిషి దివికి వెళ్లినవాడన్నది మరిచిపోరు.

తికమక పెట్టేది ‘దివి ఎఫ్’. ‘దివి’ అంటే దేవుడైనవాడి యొక్క, ‘ఎఫ్’ అంటే కొడుకు. అక్కడ నాణెం మీది మనిషి బతికే ఉన్నాడు, దేవుడైంది ఆయన తండ్రి. తెలుగు నేల మీద దొరికిన రోమన్ వెండి నాణేల్లో ఎక్కువగా కనిపించేది ఈ రకమే. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లి నిధిలో వెయ్యిన్నరకు పైగా వెండి నాణేలు బయటపడ్డాయి, వాటిలో ఎక్కువ భాగం ఆగస్టస్, టైబీరియస్‌లవి. మన దేశంలో విస్తారంగా దొరికే ఆగస్టస్ డెనారియస్ మీద ‘కైసర్ ఆగస్టుస్ దివి ఎఫ్ పాటర్ పాట్రియే’ అని ఉంటుంది. అంటే దేవుడైన జూలియస్ సీజర్ కొడుకు, దేశపిత. బొరుసు వైపు ఆయన మనవలు గైయుస్, లూకియుస్ డాళ్లు, ఈటెలతో నిలబడి ఉంటారు. టైబీరియస్ నాణెం మీద ‘టిఐ కైసర్ దివి ఆగ్ ఎఫ్ ఆగస్టుస్’ అని ఉంటుంది. అంటే దేవుడైన ఆగస్టస్ కొడుకు. వీటిని ‘దివుస్ ఆగస్టుస్’ నాణేలని చెప్పి అమ్మేవాళ్లున్నారు. అవి కావు. తండ్రి దైవత్వాన్ని చెప్పుకుంటున్న, బతికున్న పాలకుల మామూలు నాణేలు. చరిత్రకు వాటి విలువేమీ తక్కువ కాదు, పేరు మాత్రం సరిగ్గా పెట్టాలి.

రెండో పని: ఆంటోనినుస్‌లను విడదీయడం

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే, అందుకని నిదానంగా చూడాలి. ‘ఆంటోనినుస్’ పేరు కనీసం ముగ్గురు దేవుడైన చక్రవర్తుల నాణేల మీద ఉంటుంది.

కేవలం ‘దివుస్ ఆంటోనినుస్’ అని ఉంటే ఆయన ఆంటోనినస్ పయస్. 161 మార్చిలో చనిపోయారు. నాణెం కొట్టించింది వారసులు మార్కస్ ఆరీలియస్, లూసియస్ వీరస్. మధ్యలో ‘ఎం’ అక్షరం వచ్చి, చివర ‘పియుస్’ చేరి ‘దివుస్ ఎం ఆంటోనినుస్ పియుస్’ అని ఉంటే అది పయస్ కాదు, మార్కస్ ఆరీలియస్. 180లో కొడుకు కొమోడస్ కొట్టించాడు. ‘పియుస్’ అన్న మాట చూసి ఆంటోనినస్ పయస్ అనుకోవడం చాలా మామూలు పొరపాటు, ‘ఎం’ ఉందా లేదా అన్నదే అక్కడ తీర్పు చెప్పాలి. ఇక ‘దివో ఆంటోనినో మాగ్నో’ అంటే కారకల్లా. 217లో హతుడైన ఆయన్ని తర్వాత వచ్చిన సెవెరస్ వంశీకులు దేవుణ్ని చేశారు. ఈ నాణేలు అరుదు కాబట్టి నకిలీలూ ఎక్కువే, ఇలాంటిది ఎదురైతే అనుమానంతోనే మొదలుపెట్టండి.

అక్షరాలు సగం అరిగిపోతే ముఖం సాయపడుతుంది. బతికుండగా కొట్టిన డెనారియస్ మీద చక్రవర్తి తలకు సాధారణంగా బిరియాని ఆకు దండలాంటి లారెల్ మాల ఉంటుంది. దేవుడైన ఆంటోనినస్ పయస్, వీరస్, మార్కస్, సెప్టిమియస్ సెవెరస్‌ల వెండి నాణేల మీద తల ఉత్తదిగా, మాల లేకుండా ఉంటుంది. దీన్ని సార్వత్రిక సూత్రంగా పట్టుకోవద్దు. టైటస్ తన తండ్రి వెస్పాసియన్ కోసం 80–81లో కొట్టించిన డెనారియస్‌ల మీద మాల ఉంది.

రాణుల్లో తరచుగా కనిపించేది ‘దివా ఫాస్టినా’. ఆంటోనినస్ పయస్ భార్య, 140లో చనిపోయింది. ఆ తర్వాత ఆయన జీవితాంతం, అంటే ఇరవై ఏళ్లు, ఆమె పేర నాణేలు వస్తూనే ఉన్నాయి. అందుకే ఈ రంగంలోకి కొత్తగా వచ్చేవాళ్లకు అన్నిటికంటే అందుబాటులో ఉండే దైవత్వ నాణెం ఇదే. ఆమె కూతురు చిన్న ఫాస్టినా, మార్కస్ ఆరీలియస్ భార్య. ఆమెకూ ‘దివా ఫాస్టినా’ నాణేలున్నాయి, అవి 175 తర్వాతివి. ఇద్దర్నీ జుట్టుముడితో వేరు చేయాలి. తల్లికి జడలు నడినెత్తిన కొప్పుగా చుట్టి ఉంటాయి, కూతురి ముడి తల వెనక మెడ దగ్గర ఉంటుంది.

మూడో పని: బొరుసు వైపు

అక్కడ ‘కాన్సెక్రాటియో’ అన్న మాట ఉంటే మనిషిని దేవుడిగా ప్రతిష్ఠించారని నేరుగా చెప్పినట్టే. దాంతోపాటు వచ్చే బొమ్మలు లెక్కపెట్టదగినన్నే. గోళం మీదో బలిపీఠం మీదో నిలబడ్డ గద్ద. మెట్లు మెట్లుగా పైకి సన్నబడుతూ పోయే చితి. మంట వెలుగుతున్న బలిపీఠం. రాణులకైతే నెమలి, ఎందుకంటే అది జూనో దేవత పక్షి.

చితి బొమ్మ మీద కాస్త ఆగండి. ఆంటోనినస్ పయస్ నాణెం బాగా పడితే నాలుగు అంతస్తులు, ప్రతి అంతస్తుకూ తోరణాలు, గూళ్లలో చిన్న విగ్రహాలు, శిఖరాన నాలుగు గుర్రాల రథం కనిపిస్తాయి. సెప్టిమియస్ సెవెరస్ దైవత్వ క్రతువును వర్ణిస్తూ చరిత్రకారుడు హెరోడియన్ ఇలాంటి కట్టడాన్నే చెప్పాడు: కట్టెలతో నింపి, బంగారు నేత బట్టలతో కప్పి, అంతస్తులుగా పేర్చి, నిప్పు పెట్టాక పైనుంచి గద్దను వదిలేవారు. ఆ గద్ద చక్రవర్తి ఆత్మను ఆకాశానికి మోసుకుపోతుందని నమ్మకం. అంటే గద్ద, చితి అన్న రెండు బొమ్మలూ ఒకే రోజు జరిగిన ఒకే క్రతువులోవి. ఇది తెలిశాక భూతద్దంలో చితి అంతస్తులు లెక్కపెట్టడం వేరే అనుభవం. పని కోసం కూడా లెక్కపెట్టండి, నకిలీ అచ్చుల్లో మొదట చెడిపోయేవి ఈ చిన్న విగ్రహాలే.

‘కాన్సెక్రాటియో’ లేనంత మాత్రాన దైవత్వ నాణెం కాదనుకోవద్దు. వెస్పాసియన్ కోసం టైటస్ కొట్టించిన వాటిలో రెండు మకరమేకలు (ముందు మేక, వెనక చేపతోక ఉన్న జంతువులు) మోస్తున్న డాలు, దాని మీద ‘ఎస్ సి’ అక్షరాలు ఉంటాయి. సెనేట్ తీర్మానం ప్రకారం అని అర్థం. ఆంటోనినస్ పయస్‌కు ‘దివో పియో’ అన్న మాటతో స్తంభం బొమ్మ ఉంది. ఆ స్తంభాన్ని రోమ్‌లో నిజంగానే నిలబెట్టారు, దాని పీఠం ఇప్పుడు వాటికన్‌లో ఉంది. ‘కాన్సక్రాటియో’ అని మధ్యలో ‘ఎ’తో రాసి ఉన్నా కంగారు వద్దు. 250ల చివర చనిపోయిన చిన్న వలేరియన్ నాణేల మీద అసలు రాతే అది.

డేసియస్ వరస

తలకు సూర్యకిరణాల్లా ముళ్లున్న కిరీటం, 20 నుంచి 23 మిల్లీమీటర్ల వ్యాసం, ‘దివో’తో మొదలయ్యే పేరు, వెనక గద్ద లేదా బలిపీఠం, ‘కాన్సెక్రాటియో’. ఇవన్నీ కలిస్తే, అది పైన చెప్పిన చిన్న వలేరియన్ నాణెం కాకపోతే, మీ చేతిలో ఉన్నది చాలావరకు ట్రాజన్ డేసియస్ చక్రవర్తి పాలనలో, 250–251 ప్రాంతంలో, దేవుళ్లైన పాత చక్రవర్తుల గుర్తుగా వరసగా కొట్టిన ఆంటోనినియానస్ (డెనారియస్ కంటే పెద్ద వెండి నాణెం). ముఖం ఆగస్టస్‌ది అయినా సరే, నాణెం ఆయన పోయిన రెండు వందల ముప్పై ఏళ్ల తర్వాతిది.

ఈ వరసలో పదకొండు మంది ఉన్నారు: ఆగస్టస్, వెస్పాసియన్, టైటస్, నెర్వా, ట్రాజన్, హాడ్రియన్, ఆంటోనినస్ పయస్, మార్కస్ ఆరీలియస్, కొమోడస్, సెప్టిమియస్ సెవెరస్, సెవెరస్ అలెగ్జాండర్. దేవుళ్లైన వాళ్లలో క్లాడియస్, లూసియస్ వీరస్, పెర్టినాక్స్, కారకల్లా ఇందులో లేరు. కాబట్టి ఎవరైనా ‘దివో క్లాడియో’ నాణెం చూపించి ఈ వరసలోదంటే ఒప్పుకోకండి. అది 270లో చనిపోయిన క్లాడియస్ గోథికస్‌ది. అందులో వెండి నామమాత్రమే, దాదాపు అంతా రాగి. ఆ కాలంలోనే ఊళ్లలో దొంగచాటుగా కొట్టిన చిన్న నకళ్లూ దానికి లెక్కలేనన్ని ఉన్నాయి.

‘దివో పియో’ దగ్గర ఇంకో చిక్కు. పైన చెప్పిన 161 నాటి డెనారియస్‌లో ఆ మాట బొరుసు వైపు ఉంటుంది, డేసియస్ వరసలో బొమ్మ వైపు. మాట ఎటు వైపుందో, తలకు ముళ్ల కిరీటం ఉందో లేదో చూస్తే ఒక్క క్షణంలో తేలిపోతుంది.

డేసియస్ కాలంలో కొన్ని ఆంటోనినియానస్‌లను కొత్త బిళ్లల మీద కాకుండా పాత డెనారియస్‌ల మీదే మళ్లీ కొట్టారు. కొత్త అక్షరాల కింద పాత పేరు ముక్క, పాత గడ్డం గీత కనిపిస్తే అది లోపం కాదు, నకిలీ గుర్తూ కాదు. జాగ్రత్తగా రాసిపెట్టుకోండి.

నాలుగో పని: తూకం, సాంద్రత

రెండో శతాబ్దపు డెనారియస్ దాదాపు 17–19 మిల్లీమీటర్లు, 3.0 నుంచి 3.5 గ్రాముల మధ్య ఉంటుంది. డేసియస్ వరస 3 నుంచి 4.5 గ్రాముల దాకా ఊగుతుంది. ఒక్కో బిళ్లనూ కచ్చితంగా తూచి కొట్టలేదు కాబట్టి చిన్న తేడాలకు భయపడొద్దు. డెనారియస్ 2.5 కంటే తగ్గితే మాత్రం లోపల రాగి, పైన వెండి రేకు ఉన్న ప్రాచీన దొంగ నాణెం కావచ్చు. అంచు దగ్గర, ముక్కు, చెంప లాంటి ఎత్తు భాగాల దగ్గర ఎర్రగానో పచ్చగానో పొక్కి ఉందేమో చూడండి.

గీటురాయి మీద గీయించడానికి కంసాలి దగ్గరికి తీసుకెళ్లకండి. గీత పడ్డ చోట నాణెం పోయినట్టే, పైగా గీత చెప్పేది పైపొర సంగతి మాత్రమే. దాని బదులు నీళ్లలో తూచండి. త్రాసు మీద చిన్న గ్లాసులో శుభ్రమైన నీళ్లు పోసి సున్నాకు తెచ్చుకోండి. నాణేన్ని సన్నటి నైలాన్ దారానికి కట్టి, అడుగుకు, గోడలకు తగలకుండా పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. త్రాసు చూపే అంకెతో నాణెం పొడి బరువును భాగిస్తే సాంద్రత వస్తుంది.

ఉదాహరణకు 3.20 గ్రాముల నాణేనికి త్రాసు 0.32 చూపితే సాంద్రత 10.0. ఉత్త వెండి 10.5, రాగి దాదాపు 9. నూటికి ఎనభై పాళ్లు వెండి, మిగతాది రాగి అయితే 10.1 రావాలి. నలభై పాళ్లయితే 9.5. తగరం ఎక్కువగా ఉన్న పోత నకిలీ అయితే అదే బరువుకు 0.43 దాకా చూపిస్తుంది, అంటే 7.4. ఇక్కడ తప్పు జరిగేది రెండు చోట్ల. ఒకటి, అక్షరాల సందుల్లో ఇరుక్కున్న గాలి బుడగ. నాణేన్ని ముందు తడిపి ముంచండి. రెండు, ఇంత చిన్న నాణేనికి 0.01 గ్రాము తేడా వచ్చినా సాంద్రత 0.3 మారిపోతుంది. అందుకే కనీసం ఐదుసార్లు తూచి సగటు తీయండి. అప్పుడు కూడా ఇది తగరం, సీసం నకిలీలను పట్టిస్తుందే తప్ప, మంచి వెండితో ఈ కాలంలో కొట్టిన నకిలీని పట్టించలేదు.

ఐదో పని: నకిలీని పసిగట్టడం

అసలు నాణెం రెండు అచ్చుల మధ్య బిళ్లను పెట్టి సుత్తితో కొట్టింది. దెబ్బకు లోహం బయటికి పారుతుంది. అక్షరాల అడుగు నుంచి అంచు వైపు వెంట్రుకల్లాంటి సన్నటి గీతలు ఉంటాయి, అంచు అక్కడక్కడ చీలుతుంది. ఆ చీలిక లోపల కూడా పాత మురికే ఉండాలి. పోత నకిలీలో అక్షరాల మూలలు సబ్బుబిళ్ల మీది అక్షరాల్లా గుండ్రబడతాయి, బొమ్మ చుట్టూ ఉన్న చదునైన భాగం మీద సూదిమొనంత గుంటలు ఉంటాయి, చీలిక లోపలికి పోకుండా పైపైన గాడిలా ఆగిపోతుంది. అంచు చుట్టూ గీత లేదా ఆకురాయితో గీరిన గుర్తులుంటే పక్కన పెట్టేయండి.

అన్నిటికంటే బలమైన పరీక్ష పోలిక. ఒకే అచ్చులో పుట్టిన రెండు నాణేల బొమ్మలు ఒకేలా ఉండొచ్చు, కానీ బిళ్ల ఆకారం, చీలికలు, బొమ్మ పక్కకు జరిగిన తీరు ఒకేలా ఉండవు. మీ నాణెం చీలికతో సహా ఇంకో నాణేనికి జిరాక్స్ కాపీలా ఉంటే రెంటిలో ఒకటి, బహుశా రెండూ, నకిలీలే.

కేటలాగులో ఎక్కడ వెతకాలి

నాణేల వాళ్లు ఆర్‌ఐసీ (రోమన్ ఇంపీరియల్ కాయినేజ్) అని పిలిచే కేటలాగులో నాణేలు కొట్టించినవాడి పేరు కింద ఉంటాయి. దివుస్ ఆంటోనినుస్ కోసం ఆంటోనినస్ పయస్ పేజీలు తిప్పితే దొరకదు, మార్కస్ ఆరీలియస్ కింద 429 నుంచి చూడాలి. పెద్ద ఫాస్టినా కోసం మాత్రం పయస్ కిందే వెతకాలి. డేసియస్ వరస నాలుగో సంపుటం మూడో భాగంలో 77 నుంచి 98 వరకు ఉంది. ఆ సంపుటం వీటిని మిలన్ టంకశాలవని చెబుతుంది, ఇప్పుడు పరిశోధకులు రోమ్ టంకశాలవే అంటున్నారు. అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ ఆన్‌లైన్లో ఉచితంగా పెట్టిన ఓసీఆర్‌ఈ అనే రోమన్ నాణేల జాబితాలో ఈ నంబర్లన్నీ ఫోటోలతో వెతకొచ్చు.

చీటీ మీద ఇలా రాయండి: ఎవరి గుర్తుగా, కొట్టించింది ఎవరు, సంవత్సరం, టంకశాల, బరువు, వ్యాసం, రెండు వైపుల అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు (చదవలేని వాటికి చుక్కలు), నంబరు, ఎవరి దగ్గర నుంచి ఎప్పుడు వచ్చింది. నిలువు గీత మీద బొమ్మ తల నిటారుగా ఉంచి నాణేన్ని పక్కకు తిప్పినప్పుడు వెనక బొమ్మ తల గడియారంలో ఎన్ని గంటల వైపు ఉందో కూడా రాయండి.

తోమొద్దు

మన ఇళ్లలో వెండి కుందులు నల్లబడితే చింతపండో, విభూతో, టూత్‌పేస్టో పెట్టి తోమడం అలవాటు. నాణేనికి ఆ మూడూ శత్రువులే. ఈ వెండిలో రాగి కలిసి ఉంటుంది. చింతపండు, నిమ్మరసంలోని పులుపు పైపొరలో ఉన్న రాగిని కరిగించి లాగేస్తుంది, మిగిలిన వెండి స్పాంజిలా గుల్లబారి పాలిపోయినట్టు కనిపిస్తుంది. విభూతి, పేస్టు సన్నటి గీతలు పెడతాయి. ఒకసారి పోయిన పైపొర మళ్లీ రాదు. మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రోజూ నీళ్లు మార్చండి. తీశాక రుద్దకుండా అద్ది ఆరబెట్టండి. నలుపు నలుపుగానే ఉండనివ్వండి, అక్షరాలకు నీడనిచ్చి చదివించేది అదే.

దాచేటప్పుడు మెత్తగా వంగే పీవీసీ కవర్లు వాడకండి. కొన్నాళ్లకు వాటి నుంచి జిగటగా పచ్చటి పొర దిగి నాణేన్ని తింటుంది. అప్పటికే పట్టి ఉంటే కిటికీలు తీసి, మంటలకు దూరంగా, స్వచ్ఛమైన అసిటోన్‌లో ముంచి తీయండి. రబ్బరు బ్యాండ్లు, ఉన్ని గుడ్డ, న్యూస్‌పేపర్ కూడా దగ్గర ఉండకూడదు, వాటి నుంచి వచ్చే గంధకం వెండిని నల్లబరుస్తుంది. ఆమ్లం లేని కాగితపు కవరు, మూత బిగిసే డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లం చాలు. విశాఖ, మచిలీపట్నం లాంటి తీర ప్రాంతాల్లో ఉండేవాళ్లు జెల్ రంగు మారగానే మార్చాలి.

పొలంలో దొరికితే

నూరేళ్లు దాటిన నాణెం 1972 పురావస్తు, కళానిధుల చట్టం కింద పురావస్తువు. లైసెన్సు లేకుండా వాటి వ్యాపారం చేయకూడదు, సొంతానికి విదేశాలకు పంపకూడదు. విదేశాల్లో ఉన్న బంధువులకు బహుమతిగా పంపడం కూడా ఇందులోకే వస్తుంది. భూమిలో దొరికినదైతే 1878 నాటి నిధుల చట్టం వర్తిస్తుంది. విలువ పది రూపాయలు దాటిన నిధిని గురించి కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి.

కుండతో దొరికితే నాణేలను పంచుకోవడం, కడగడం, బాగున్నవి ఏరడం చేయకండి. అడుగున ఉన్న అరిగిన నాణెం కూడా లెక్కలోదే, ఎందుకంటే కుండను ఎప్పుడు పాతిపెట్టారో చెప్పేది అన్నిటికంటే చివర కొట్టిన నాణెం, అది ఏదో ముందే తెలియదు. దొరికిన చోటు, లోతు, కుండ పెంకులు, చుట్టూ ఉన్న మట్టి రంగు, అన్నీ ఫోటో తీసి, ఉన్నది ఉన్నట్టుగా అప్పగించండి.